ఆటల కోసం ఎర్గోనమిక్ కీబోర్డు: మీ ఎడమ చేతికి ఏది నప్పుతుంది?

చేతులకు శ్రమ తగ్గేలా మలిచిన ఎర్గోనమిక్ కీబోర్డుల మీద దొరికే సలహాలు దాదాపు అన్నీ టైపు చేసేవారిని దృష్టిలో పెట్టుకొని రాసినవే. రెండు చేతులూ సమానంగా పనిచేస్తాయని, పది వేళ్లూ మధ్య వరసలో ఆనుకొని ఉంటాయని, మౌస్ అవసరం ఎప్పుడో గానీ రాదని వాటి లెక్క. కంప్యూటర్ ఆటలో ఈ లెక్క తలకిందులవుతుంది. కుడి చేయి గంటల తరబడి మౌస్‌ను వదలదు. ఎడమ చేయి పదిహేను ఇరవై మీటల మధ్యే తిరుగుతూ, ఒకేసారి మూడు నాలుగింటిని నొక్కి పట్టుకొని ఉంటుంది. అందుకే టైపింగుకు ఎంతో హాయిగా ఉండే కీబోర్డు ఆటలో విసుగు పుట్టించవచ్చు. ఆటలో చక్కగా కుదిరినది ఉత్తరాలు రాయడానికి కూర్చుంటే ఇబ్బంది పెట్టవచ్చు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆటల కోసం కొనేవారు ప్రధానంగా చూడాల్సినవి రెండు. ఎడమ చిటికెనవేలి మీద పడే భారంలో ఎంత భాగాన్ని బొటనవేలికి మళ్లించవచ్చు? మౌస్‌ను శరీరానికి ఎంత దగ్గరగా తెచ్చుకోవచ్చు? స్విచ్‌ల రకం, రంగురంగుల దీపాలు, తీగ ఉందా లేదా అన్నవి వీటి తరవాతే.

నొప్పి ఎక్కడ మొదలవుతుంది

మామూలు కీబోర్డు మీద ఆడేవారి ఎడమ చేతిని గమనించండి. పరుగెత్తడానికి షిఫ్ట్, వంగడానికి కంట్రోల్, పట్టిక చూడడానికి ట్యాబ్: ఈ మూడూ చిటికెనవేలి పాలిటే పడ్డాయి. చేతిలో అతి బలహీనమైన వేలికి అతి ఎక్కువసేపు నొక్కి ఉంచాల్సిన పని దక్కింది. అన్నిటికంటే బలమైన బొటనవేలు మాత్రం పొడుగాటి స్పేస్ బార్ ఒక్కదానితో సరిపెట్టుకుంటుంది. చిటికెనవేలు కంట్రోల్ దాకా చాచినప్పుడల్లా మణికట్టు పక్కకు వంగుతుంది. మాటిమాటికీ ఇలా వంగడమే చాలామందికి ముంజేయి బయటి అంచున వచ్చే నొప్పికి కారణం.

రెండో ఇబ్బంది కుడి భుజానిది. అంకెల మీటలున్న పూర్తి స్థాయి కీబోర్డు సుమారు 44 సెంటీమీటర్ల పొడవుంటుంది. పాత్రను నడిపించే డబ్ల్యూ, ఏ, ఎస్, డి మీటలను శరీరానికి ఎదురుగా పెట్టుకుంటే మౌస్ ఎక్కడో కుడివైపు దూరంగా పోతుంది. మౌస్‌ను దగ్గరకు తెచ్చుకుంటే కీబోర్డు ఎడమ అంచు బల్ల దాటుతుంది. మౌస్ సున్నితత్వాన్ని తగ్గించి, చేయంతా కదిలించి గురిపెట్టే ఆటగాళ్లకు ఈ ఇరుకు మరీ కష్టం.

డబ్ల్యూ, ఏ, ఎస్, డి అమరికలో పవిత్రమైనదేమీ లేదు. క్వేక్ ఆటలో 'థ్రెష్' పేరుతో ఆడిన డెనిస్ ఫాంగ్ 1997లో రెడ్ ఎనిహిలేషన్ పోటీ గెలిచి ఆ ఆట రూపకర్తల్లో ఒకడైన జాన్ కార్మాక్ ఫెరారీ కారును బహుమతిగా పొందాక, అతని మీటల అమరికను అనుకరించినవారు ఎందరో. ఆ అమరిక నిలబడిన కీబోర్డు రూపం అంతకంటే పాతది. అడ్డ వరసలు ఒకదానికొకటి కొద్దిగా పక్కకు జరిగి ఉండడం 1870ల నాటి టైపు మిషన్ల లోపలి మీట కడ్డీలకు చోటు ఇవ్వడానికి వచ్చిన ఏర్పాటు. మన వేళ్ల పొడవుతో దానికి సంబంధం లేదు. కాబట్టి దాన్ని మార్చుకోవడానికి సందేహించనక్కర లేదు.

కొనే ముందు ఉన్నదాన్ని సర్దండి

కీబోర్డు వెనుక కాళ్లు మడవండి. అవి ఎత్తుగా ఉంటే మణికట్టు పైకి విరిగినట్టు వంగుతుంది. కీబోర్డును మీ ముంజేయి వాలుకు తగ్గట్టు ఏటవాలుగా తిప్పండి. పోటీల్లో ఆడేవారు కీబోర్డును వంకరగా పెట్టుకోవడం ఆర్భాటం కోసం కాదు, మౌస్‌కు చోటు కోసం, మణికట్టు తిన్నగా ఉండడం కోసం. కుర్చీ ఎత్తును మోచేయి బల్ల మట్టానికి వచ్చేలా మార్చండి. ఆట అమరికల్లోకి వెళ్లి, వంగడాన్ని నొక్కి పట్టుకోవాల్సిన పని నుంచి ఒక్క నొక్కుతో మారేదిగా చేయండి, లేదా మౌస్ పక్కన ఉండే బటనుకు ఇవ్వండి. అంకెల మీటలు లేని కీబోర్డుకు మారితే పొడవు సుమారు 36 సెంటీమీటర్లకు తగ్గుతుంది. అరవై శాతం కీబోర్డు అని పిలిచే చిన్నరకానికి మారితే 30 దాకా వస్తుంది.

చాలామందికి ఇంతటితో సమస్య తీరిపోతుంది. ఇవన్నీ చేశాక కూడా అసౌకర్యం మిగిలితేనే ఖరీదైన కీబోర్డు వైపు చూడమంటాను. చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతున్నా, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మొద్దుబారుతున్నా, రాత్రి నిద్రలో చేయి జోముతో మెలకువ వస్తున్నా అది నరానికి సంబంధించిన సూచన కావచ్చు. అప్పుడు ముందు వెళ్లాల్సింది వైద్యుడి దగ్గరకు. కీబోర్డు మందు కాదు.

వంపు తిరిగిన ఒకే పలక

ఎర్గోనమిక్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇదే. 1994లో వచ్చిన మైక్రోసాఫ్ట్ నేచురల్ కీబోర్డు ఈ రూపాన్ని ఇళ్లలోకి తెచ్చింది. నేటి లాజిటెక్ ఎర్గో కె860 అదే వంశానిది. పలక ఒక్కటే గానీ, మీటలు రెండు గుంపులుగా విడి, మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటాయి. టైపింగు కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు, ధర అందుబాటులో ఉంటుంది, ముందు అంచున అరచేయి ఆనించుకునే మెత్త ఉంటుంది. రోజంతా రాసుకునే పని చేసి, రాత్రి కాసేపు నిదానమైన ఆట ఆడేవారికి ఇది చాలు.

వేగమైన ఆటలకు మాత్రం నేను దీన్ని సూచించను. మౌస్‌కు చోటు పెరగకపోగా తగ్గుతుంది, ఎందుకంటే ఈ పలకలు మామూలువాటి కంటే వెడల్పు. కె860కి అంకెల మీటలు కుడివైపు అతుక్కునే ఉంటాయి. 2013లో వచ్చిన మైక్రోసాఫ్ట్ స్కల్ప్ట్‌లో వాటిని విడిగా ఇచ్చారు. ఆ ఒక్క విషయంలో అది ఆటలకు మెరుగు. మరో చిక్కు లోపలి అమరికది. ఆఫీసు పని కోసం చేసిన, మీటల కింద పలుచని పొర (మెంబ్రేన్) ఉండే కీబోర్డుల్లో మూడు నాలుగు మీటలు ఒకేసారి నొక్కితే కొన్ని కూటములు నమోదు కావు. షిఫ్ట్, డబ్ల్యూ, ఏ కలిపి నొక్కి పట్టుకొని స్పేస్ కొట్టినప్పుడు పాత్ర దూకకపోతే లోపం మీ వేళ్లది కాదు. కొనే ముందు మీరు వాడే కూటములన్నీ ఒకసారి పరీక్షించి చూడండి.

రెండుగా విడిపోయేవి, మామూలు వరసలతో

ఆటగాళ్లలో ఎక్కువమందికి నేను మొదట చెప్పేది ఈ రకమే. కీబోర్డు నిలువుగా రెండు ముక్కలై ఉంటుంది. మీటల వరసలు మాత్రం మనకు అలవాటైనట్టే ఉంటాయి. కినెసిస్ ఫ్రీస్టయిల్ ఎడ్జ్, డిగ్మా రెయిజ్ ఈ కోవలో ఆటల కోసమే చేసినవి. ఫ్రీస్టయిల్ ఎడ్జ్ సగాలను సుమారు 50 సెంటీమీటర్ల దూరం దాకా జరపవచ్చు, ఎడమ అంచున మనకు నచ్చిన పని అప్పగించుకునే అదనపు మీటల వరస ఉంది. రెయిజ్‌లో స్పేస్ బార్ ఉండాల్సిన చోట బొటనవేళ్లకు 8 చిన్న మీటలు ఇచ్చారు.

ఆట మొదలవగానే కుడి సగాన్ని పక్కకు నెట్టేసి, ఆ ఖాళీలోకి మౌస్‌ను లాక్కోవచ్చు. అదే ఈ రకం అసలు బలం. భుజం తెరుచుకొని, మోచేయి పక్కటెముకల దగ్గరే ఉండిపోతుంది. ఎడమ సగాన్ని మీకు నచ్చిన కోణానికి తిప్పుకోవచ్చు, లోపలి అంచు ఎత్తుగా ఉండేలా గుడారం మాదిరి వాల్చుకోవచ్చు. ఫ్రీస్టయిల్ ఎడ్జ్‌కు విడిగా దొరికే కాళ్లతో 5, 10, 15 డిగ్రీల వాలు కుదురుతుంది. ఆటలకు 15 డిగ్రీలు దాటాల్సిన అవసరం అరుదు. వాలు ఎక్కువైతే ఉద్వేగంలో గట్టిగా నొక్కినప్పుడు సగం పలక పక్కకు జారుతుంది. అందుకే బరువు, అడుగున రబ్బరు పట్టు ఎలా ఉన్నాయో చూడకుండా కొనకండి.

టైపింగు పెద్దగా తడబడకపోవడం మరో మేలు. మొదటి రోజే పని చేసుకోవచ్చు, అదే రోజు రాత్రి ఆడుకోవచ్చు. లోటల్లా ఖరీదు. ప్రతి మీటకూ విడి స్విచ్ ఉండే మంచి మామూలు మెకానికల్ కీబోర్డు కంటే ఎక్కువే పెట్టాల్సి వస్తుంది.

నిలువు వరసలవి

ఎర్గోడాక్స్, మూన్‌ల్యాండర్, వాయేజర్, డిగ్మా డిఫై, గిన్నెలా లోతుగా ఉండే కినెసిస్ అడ్వాంటేజ్ ఈ వర్గానివి. వీటిలో చాలావరకు రెండు సగాలుగా విడిపోయేవే. ఇక్కడ మీటలు నిలువు గీతల్లో, ఒక్కో వేలి పొడవును బట్టి పైకీ కిందికీ జరిగి ఉంటాయి. మామూలు కీబోర్డులో డబ్ల్యూ మీట ఎస్‌కు కాస్త ఎడమగా ఉంటుంది, మధ్యవేలు ముందుకు వెళ్లేటప్పుడు పక్కకు కూడా జరగాలి. వీటిలో డబ్ల్యూ నేరుగా ఎస్ పైనే ఉంటుంది. అడుగు ముందుకు, వెనక్కు అంటే వేలు చాచడం, ముడవడం అంతే. ఈ తేడా రాతలో చిన్నదిగా కనిపించినా, ఒక సాయంత్రంలో వేలసార్లు జరిగే కదలిక ఇది.

బొటనవేలికి దక్కే మీటల గుంపు ఈ వర్గపు పెద్ద సంపద. దూకడం, వంగడం, పరుగు, మాట్లాడే మీట: వీటిలో రెండింటిని బొటనవేలికి ఇస్తే చేతికి వచ్చే ఊరట వెంటనే తెలుస్తుంది. మూడో దాన్ని కూడా ఇవ్వాలని ఆశపడకండి. బొటనవేలు బలమైనదే గానీ, దూరపు మీటల కోసం లోపలికి ముడిచి చాచడం దానికీ పడదు. దాని కింద సహజంగా వచ్చే రెండు మీటలే దానివనుకోండి.

టైపింగు మాత్రం వారాల తరబడి నెమ్మదిస్తుంది. ఆటకు అంత కాలం పట్టదు, ఎందుకంటే ఎడమ చేతిలో నేర్చుకోవాల్సినవి కొన్ని మీటలే. అలాగని కొన్న మర్నాడే ర్యాంకుల పోటీలో దిగి కీబోర్డు పనికిరాదని తేల్చకండి. ముందు సాధన ఆటల్లో వేళ్లకు దారి తెలియనివ్వండి.

ఇక్కడ రెండు చిన్న విషయాలు పెద్ద నిరాశను తప్పిస్తాయి. మొదటిది, ఎడమ సగం ఒంటరిగా పనిచేస్తుందా అన్నది. మూన్‌ల్యాండర్‌లో పనిచేస్తుంది, కుడి సగాన్ని తీసి సొరుగులో పెట్టేయవచ్చు. ఎర్గోడాక్స్‌లో నియంత్రణ చిప్పు కుడి సగంలో ఉంటుంది కాబట్టి అది బల్ల మీద ఏదో ఒక మూల ఉండాల్సిందే. రెండోది, అంకెల వరస. 42 మీటల కార్న్ వంటి చిన్నవాటిలో అంకెల వరసే ఉండదు. ఆయుధాలకు, వస్తువులకు, సైనిక గుంపులకు అంకెలు కొట్టే ఆటలో అంకె కోసం ప్రతిసారీ మరో మీట పట్టుకోవడం ఓపికకు పరీక్ష. 52 మీటల వాయేజర్‌లో పై వరస మిగిలింది, ఆటకు అది కనీస అవసరమని నా లెక్క.

ఒక చేతి కీప్యాడ్లు

ఎడమ చేతికి మాత్రమే ఉద్దేశించిన చిన్న పరికరాలివి. రేజర్ టార్టరస్‌లో నాలుగు వేళ్ల కింద మీటల గడి, బొటనవేలికి దిక్కుల మీట ఉంటాయి. లాత్వియా సంస్థ అజెరాన్ చేసేవి ఇంకా వింతగా కనిపిస్తాయి. ఒక్కో వేలికి ఒక్కో చిన్న స్తంభం, దాని చుట్టూ నాలుగైదు స్విచ్‌లు, బొటనవేలి కింద జాయ్‌స్టిక్. స్తంభాల ఎత్తు, దూరం మీ చేతికి తగ్గట్టు మార్చుకోవచ్చు. చేతులు మరీ చిన్నవైనా పెద్దవైనా, వేళ్లు తక్కువ దూరమే చాచగలిగినా అజెరాన్‌ను తప్పక పరిశీలించమంటాను.

జాయ్‌స్టిక్‌తో పాత్ర ఎనిమిది దిక్కులకు పరిమితం కాకుండా నడుస్తుంది, నెమ్మదిగా కూడా నడుస్తుంది, ఆట అందుకు ఒప్పుకుంటే. కొన్ని ఆటలు జాయ్‌స్టిక్‌ను, మౌస్‌ను ఒకేసారి స్వీకరించవు. తెర మీది గుర్తులు క్షణానికోసారి మారిపోతూ చికాకు పెడతాయి. మీరు ఎక్కువగా ఆడే ఆట ఇందులో ఏ రకమో ముందే తెలుసుకోండి. డజన్ల కొద్దీ మంత్రాలు, నైపుణ్యాలు ఉండే సామూహిక పాత్ర ఆటలకు ఈ కీప్యాడ్లకు మించినవి లేవు. తోటి ఆటగాళ్లతో రాతలో మాట్లాడాలంటే మాత్రం అసలు కీబోర్డు పక్కనే ఉండాలి. బల్ల మీద అంత చోటుందా అన్నది మీరే చూసుకోవాలి.

ఏ ఆటకు ఏది

గురిపెట్టి కాల్చే ఆటలకు మౌస్ చోటే ప్రాణం, కాబట్టి విడిపోయే రెండు రకాల్లో ఏదైనా సరే. సైన్యాలను నడిపే వ్యూహ ఆటల్లో సంగతి కాస్త వేరు. 9, 0 అంకెలు, ఫంక్షన్ మీటలు కూడా వాడేవారు కుడి సగాన్ని దూరంగా నెట్టలేరు. స్టార్‌క్రాఫ్ట్ 2లో గడి అమరిక ఎంచుకుంటే ఆజ్ఞలన్నీ ఎడమ చేతి కిందికి వస్తాయి, అప్పుడు చిక్కు తీరుతుంది. లయను అనుసరించి నొక్కే ఆటల్లో రెండు చేతులూ సమానంగా పనిచేస్తాయి కనుక నిలువు వరసల కీబోర్డు హాయిగా ఉంటుంది. మధ్య మీట కోసం స్పేస్ బార్ వాడే ఏడు మీటల ఆటల్లో మాత్రం ఆ మీటను ఏ బొటనవేలికివ్వాలో మొదటే తేల్చుకోవాలి. విమానం నడిపే ఆటలకు కుడి సగంలోని మీటలూ కావాలి. వాటికి ఎర్గోనమిక్ కీబోర్డు మీద పెట్టే డబ్బు మంచి జాయ్‌స్టిక్ మీద పెట్టడం మేలు.

పొరలు, అందులోని ఉచ్చు

ఈ కీబోర్డుల్లో చాలావాటికి పొరలు ఉంటాయి. అంటే ఒకే మీటకు సందర్భాన్ని బట్టి వేరు వేరు పనులు. ఆట కోసం ఒక పొరను ప్రత్యేకంగా కేటాయించండి. ఆ పొరలో ఎడమ చేతి అక్షరాలన్నిటినీ ఒక నిలువు వరస కుడికి జరిపితే గొప్ప సదుపాయం. చేయి టైపింగు స్థానంలోనే ఉంటుంది, చూపుడువేలు గుర్తు మెట్ట ఉన్న మీట మీదే ఉంటుంది, ఆటకు మాత్రం డబ్ల్యూ, ఏ, ఎస్, డి అనే అందుతాయి. ఎడమ అంచున చిటికెనవేలికి ఒక వరస అదనంగా మిగులుతుంది. ఆటలోని అమరికల జోలికి వెళ్లనక్కర లేదు. పటం చూసే ఎమ్, సంచీ తెరిచే ఐ వంటి కుడి చేతి మీటలకు కూడా ఎడమ సగంలోనే నకళ్లు పెట్టుకోండి.

ఇక ఉచ్చు. టైపింగు కోసం కొందరు ఒకే మీటను తట్టితే అక్షరం, నొక్కి పట్టుకుంటే షిఫ్ట్ అయ్యేలా పెట్టుకుంటారు. కీబోర్డు లోపల నడిచే క్యూఎంకే అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండింటి మధ్య తేడా తేల్చే గడువు మామూలుగా 200 మిల్లీసెకన్లు. ఆటలో అదొక యుగం. 'ఏ' అక్షరపు మీట నొక్కితే పాత్ర అడుగు వేయకుండా నిలబడి చచ్చిపోతుంది. ఆట పొరలో ఇలాంటి రెండు పనుల మీట ఒక్కటి కూడా ఉండకూడదు. ఆట పొర నుంచి టైపింగు పొరకు మారే మీటను బొటనవేలికి దగ్గరగా పెట్టుకోండి, లేకపోతే జట్టుకు రాసే హెచ్చరిక అర్థం కాని అక్షరాలుగా వెళుతుంది.

ఒక్క నొక్కుతో వరసగా పలు పనులు చేయించే ఏర్పాట్ల జోలికి పోటీ ఆటల్లో వెళ్లవద్దు. ఎదురెదురు దిక్కుల మీటలు రెండూ నొక్కి ఉన్నా చివర నొక్కినదాన్నే లెక్కలోకి తీసుకునే స్నాప్ ట్యాప్‌ను 2024 జులైలో రేజర్ తెచ్చింది. అలాంటి సదుపాయాలను వాల్వ్ సంస్థ ఆగస్టులో కౌంటర్ స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో నిషేధించింది. మీటల చోటు మార్చుకోవడం వేరు, ఆడే పనిని యంత్రానికి అప్పగించడం వేరు.

వేగం సంగతి

వేగం కోసం చూసేవారికి ఇప్పుడు అయస్కాంత స్విచ్‌లు దొరుకుతున్నాయి. వూటింగ్ సంస్థ ప్రాచుర్యంలోకి తెచ్చిన ర్యాపిడ్ ట్రిగ్గర్‌లో, మీట పైకి లేవడం మొదలైన క్షణమే నొక్కు ముగిసినట్టు లెక్క. పరుగెత్తుతూ చటుక్కున ఆగి కాల్చే ఆటల్లో ఇది నిజమైన మేలు. రెండుగా విడిపోయే కీబోర్డుల్లో ఈ స్విచ్‌లు ఇంకా అరుదు. అత్యున్నత స్థాయి పోటీయే మీ లక్ష్యమై, చేతికి నొప్పేమీ లేకపోతే, ఎర్గోనమిక్ కీబోర్డు బదులు చిన్న అయస్కాంత కీబోర్డును ఏటవాలుగా పెట్టుకోవడమే సరైన ఎంపిక. నొప్పి ఉంటే మాత్రం ఆ కొన్ని మిల్లీసెకన్లు వదులుకోండి. నొప్పితో ఆడే చేయి అంతకంటే ఎక్కువ పోగొడుతుంది.

మామూలు మెకానికల్ స్విచ్‌లలో తేలికైనవి చూడండి. చెర్రీ సంస్థ ఎరుపు రకం స్విచ్ ఉన్న మీటను 2 మిల్లీమీటర్లు నొక్కితే పని చేస్తుంది. వెండి రంగుది 1.2 మిల్లీమీటర్లకే స్పందిస్తుంది, కానీ వేలు ఆనించి ఉంచేవారికి పొరపాటు నొక్కులు ఎక్కువ. ఆటలో బ్లూటూత్ వాడకండి. చాలా కీబోర్డులు వాడే తక్కువ విద్యుత్తు బ్లూటూత్‌లో రెండు సందేశాల మధ్య కనీస విరామమే 7.5 మిల్లీసెకన్లు, తీగతో అది సాధారణంగా 1 మిల్లీసెకను. తీగ లేని రెండు సగాల కీబోర్డులో ఒక సగం సమాచారం రెండో సగం మీదుగా కంప్యూటరుకు చేరవచ్చు, ఆ ఆలస్యం కూడా కలుస్తుంది. ఆటలో పనిచేసేది ఎడమ సగం కాబట్టి, కంప్యూటరుతో నేరుగా మాట్లాడేది అదేనా కాదా తెలుసుకోండి.

ఏది కొనాలో ఇంకా తేలకపోతే డబ్బు పెట్టకుండా చేయగల పరీక్ష ఒకటుంది. చాలా కీబోర్డులకు అసలు కొలతల బొమ్మలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. బొమ్మను కొలత తగ్గకుండా కాగితం మీద ముద్రించి, స్కేలుతో సరిచూసి, మీ బల్ల మీద అతికించండి. మౌస్ పట్టుకొని, ఎడమ చేయి కాగితం మీద పెట్టి, మీకు బాగా తెలిసిన ఒక ఆటను మనసులో ఆడండి. పరుగు, దూకు, నాలుగో ఆయుధం, గుళ్లు నింపడం, పటం. ఏ మీట కోసం అరచేయి చోటు నుంచి లేస్తోందో ఆ మీటను పెన్సిలుతో చుట్టండి. చుట్టిన మీటలకు బొటనవేలి దగ్గరో, ఎడమ అంచు వరసలోనో చోటు దొరికితే ఆ కీబోర్డు మీది. దొరకకపోతే మరో బొమ్మ ముద్రించి చూడండి.